టీవీ ఆటలు, వాని పాటలు



మా బుక్కరాయసముద్రము చెరువుకట్టపై సాయంకాలము నడచువారికి చరిత్రను వేరుగా చెప్పనక్కరలేదు. పదునాలుగవ శతాబ్దమున విజయనగర ప్రభువగు బుక్కరాయల కాలమందు ఈ తటాకము వెలసినదనియు, గండిపడిన కట్టను నిలుపుటకై ముసలమ్మ యను ఇల్లాలు ప్రాణముల నర్పించినదనియు ఇచ్చటి పిల్లలుకూడ చెప్పుదురు. ఆ గాథను గైకొని కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యము వ్రాసిరి. రాజు పేరు ఊరికి నిలిచెను; ఇల్లాలి పేరు జనుల నాలుకపై నిలిచెను. మరి ఆ కట్టక్రింద ఆడుకొనిన పిల్లల ఆటల మాట యేమి? హంపి గుళ్ల రాతినేలలపై పులిజూదము వంటి ఆటల గీతలు నేటికిని కనబడుచున్నవి. చెక్కినవారి పేర్లు పోయినను గీతలు మిగిలినవి గనుక ఆట మిగిలినది. అట్టి గీతయైనను మిగులకుండ పోవుచున్న యొక ఆటను గూర్చి నేడు మనవి చేయదలచితిని.

1990 తరువాతి పదేండ్లలో మన పట్టణములందును పల్లెలందును పిల్లలు టీవీ గేము అని పిలిచిన పెట్టె అది. టెలివిజనుకు తగిలించి, పైనున్న గాడిలో కేసెట్టు గ్రుచ్చి, చేత మీటలుపట్టి ఆడెడివారు. ఇంటిలో కొనజాలని పిల్లలు అంగళ్లలో గంటల లెక్కన బాడుగ యిచ్చి ఆడెడివారు. కేసెట్టు పలుకకున్నచో దానిని తీసి నోటితో ఊదుట వారందఱు నెఱిగిన వైద్యము. నిజమునకు నోటి తేమ వలన లోని లోహపు పండ్లకు తుప్పుపట్టును. ఊదుటచే కాదు, తీసి మరల గ్రుచ్చుటచే అది పలికెడిది.

ఈ పెట్టెకు మూలపురుషుడు జపాను దేశమున నింటెండో కంపెనీవారు 1983 జూలైలో వెలువరించిన ఫామికామ్ అను యంత్రము. మన యూళ్లకు వచ్చినవి చాలవరకు దానికి తైవాను, చైనాలలో తయారైన నకళ్లు. అంతకు పూర్వమే, 1972లో, అమెరికాలో రాల్ఫ్ బేర్ అను నాతని కల్పనను బట్టి ఒడిస్సీ అను మొదటి గృహక్రీడాయంత్రము అమ్మకమునకు వచ్చెను. అది మూగది, దానికి ధ్వనియే లేదు. 1978లో తొమొహిరో నిషికాడో రచించిన స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటలో నాలుగే స్వరములు, ఒకదానికంటె నొకటి మంద్రముగా, ఎడతెగక మ్రోగుచుండెను. శత్రువులు తగ్గుకొలది ఆ మ్రోత వడి హెచ్చెడిది. ఆడువాని గుండెయు దానితో వడిగా కొట్టుకొనెడిది.

ఫామికామ్ యంత్రమునకు ఐదు గొంతులు మాత్రమే కలవు. రెండు చతురస్ర తరంగములు రాగము పలుకును. ఒక త్రిభుజ తరంగము క్రిందిశ్రుతి పట్టును. ఒక రొద తాళము వేయును. ఐదవది ముందుగా పట్టియుంచిన చిన్న ధ్వనులను వినిపించును. ఆటలో దూకుటకు, దెబ్బ తగులుటకు వలయు చప్పుళ్లును ఈ గొంతులే పలుకవలెను. 1985లో వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట యంతయు, బొమ్మలతో, పాటలతో సహా, నలువది కిలోబైట్లలో నిమిడినది. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము అంతకు ఎన్నియో రెట్లుండును. అంత యిఱుకులో కోజీ కొండో అను యువకుడు పాటను కూర్చెను. గడువు నూఱు లెక్కకు దిగినంతనే ఆ పాటయే త్వరపడి పిల్లవానిని హెచ్చరించును.

మోహనరాగమునకు ఐదే స్వరములు. దానికి కొఱతయున్నదని యెవ్వరందురు? స్వరములు వేరు, గొంతులు వేరు. కాని కొఱతనుండి కళ పుట్టుట రెండింటను నొక్కటియే. వానలు చాలని మా సీమవారికి ఈ సంగతి విడమరచి చెప్పనేల? కడవెడు నీటితో దినము గడపు ఇల్లాలిది మాత్రము కళ కాదా!

ఇంత చెప్పుచున్న నేను ఆనాడు ఈ ఆటలకు శత్రువును. శబ్దమంజరి కంఠస్థము చేయలేని బాలురు కాంట్రా అను ఆటలో ముప్పది ప్రాణములు పొందుటకు "పైకి, పైకి, క్రిందికి, క్రిందికి, ఎడమకు, కుడికి" అని మంత్రమువలె వల్లించుట విని మండిపడెడివాడను. ఒకనాడు తరగతిలో ఒక పిల్లవాని సంచిలో పచ్చని కేసెట్టు దొరకెను. బాడుగకు తెచ్చినది, మరునాడు ఇచ్చివేయవలెనని అతడు ఏడ్చెను. నేను వినక దానిని బీరువాలో పెట్టి తాళము వేసితిని. ఆ యేడు వేరుసెనగ ఎండిపోయెను. నెల తిరుగకముందే ఆ కుటుంబము బెంగుళూరునకు వలసపోయెను. కేసెట్టు నాయొద్దనే యుండిపోయెను. అంగడివానికి ఆ పిల్లవాడేమి చెప్పుకొనెనో, తండ్రి ఎంత చెల్లించెనో నేను అడుగలేదు.

ఉద్యోగవిరమణానంతరము పాతపెట్టెలు సర్దుచుండగా అది బయటపడెను. దానిని పలికించు యంత్రము లేదు. మనుమడు తన ఫోనులో ఆ ఆట పాటను వెదకి వినిపించెను. ఒకప్పుడు కీచురాళ్ల మోత అని నేను కసరిన ఆ ధ్వనిలో చక్కని వరుస యున్నది. అది ముగియులోపల ఆ పిల్లవాని ముఖము నా కన్నులయెదుట నిలిచినది. మన ఆకాశవాణి ప్రారంభవాద్యము వినగానే పెద్దలకు తమ బాల్యపు ఉదయములు తలపునకు వచ్చును గదా! వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చెనని ప్రసిద్ధమైన ఆ వరుస మనకెట్టిదో, ఇది ఆ తరమువారికి అట్టిది.

లోకము దీనిని గుర్తించుచున్నది. 2023లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు కొండో పాటను భద్రపరుపదగిన ధ్వనుల జాతీయ పట్టికలో చేర్చిరి. ఆ పట్టికలో చేరిన మొదటి క్రీడాసంగీతము అదియే. ఆ సంవత్సరమే ఆ దేశపు వీడియోగేముల చరిత్రసంస్థ యొకటి, 2010కి పూర్వము అచ్చట వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని ప్రకటించెను. యంత్రము దొరకినను చాలదు. తుపాకితో బాతులను కొట్టు ఆట పాత గాజుగొట్టపు టెలివిజనుపైననే పనిచేయును. నేటి పలుచని తెరలపై ఆ తుపాకి గ్రుడ్డిది.

కావున శ్రోతలకు నా విన్నపము. మీ అటుకమీద అట్టి పెట్టె యున్నచో తూకమునకు వేయకుడు. దానితో ఆడినవారిని కూర్చుండబెట్టి, ఎచ్చట ఆడిరి, ఎంత యిచ్చిరి, ఎవరితో ఆడిరి అని అడిగి వ్రాసియుంచుడు. రాళ్లు లేని ఆటకు ఆ వ్రాతయే శాసనము.

ఇక నాడు నా తరగతినుండి ఏడ్చుచు వెడలిన నాయనా, నీవిపుడు నలువది దాటినవాడవై యుందువు. ఈ మాట నీ చెవి సోకినచో ఒకమారు ఊరికి రమ్ము. నీ కేసెట్టు నాయొద్ద భద్రముగా నున్నది. దాని బాడుగ బాకీ నీది కాదు, నాది.