మెనింజైటిస్: యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మేలు

మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలు వాచిపోవడమే మెనింజైటిస్. వైరస్ వల్లా వస్తుంది, టీబీ వల్లా వస్తుంది. కానీ గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం బ్యాక్టీరియా రకమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇది సోకిన ప్రతి ఆరుగురిలో ఒకరు చనిపోతున్నారు. ప్రతి ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన సమస్యలు మిగిలిపోతున్నాయి.

లక్షణాలు

ఎక్కువ జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ పట్టేయడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మత్తుగా ఉండటం, ఫిట్స్. పసిపిల్లల్లో మెడ పట్టేయకపోవచ్చు. పాలు తాగకపోవడం, ఆగకుండా ఏడవడం, మాడు ఉబ్బడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంటి మీద ఎర్రటి మచ్చలు వచ్చి, గాజు గ్లాసుతో నొక్కినా పోకపోతే అది ఎమర్జెన్సీ.

పరీక్ష

నడుము దగ్గర సూదితో వెన్ను నీరు తీసి పరీక్షిస్తారు. కాళ్లు పడిపోతాయేమోనని చాలామంది భయపడి ఒప్పుకోరు. నిజానికి వెన్నుపాము ముగిసిన చోటుకి కిందే ఆ సూది వేస్తారు.

చికిత్స

అనుమానం బలంగా ఉంటే రిపోర్టుల కోసం ఆగరు. రక్తం శాంపిల్ తీసుకుని, వెంటనే నరం ద్వారా సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తారు. మందుకు లొంగని న్యూమోకాకస్ ఉండొచ్చనుకుంటే వాంకోమైసిన్ కలుపుతారు. వినికిడి పోకుండా కాపాడేందుకు చాలామందికి మొదటి డోసుతోనే డెక్సామెథాసోన్ కూడా ఇస్తారు. కోర్సు మెనింగోకాకస్‌కి సుమారు 5 నుంచి 7 రోజులు, న్యూమోకాకస్‌కి 10 నుంచి 14 రోజులు. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదు. మెడికల్ షాపులో కొన్న మాత్రలతో ఇది తగ్గదు. పైగా పరీక్షలో క్రిమి దొరకకుండా పోవచ్చు. కోలుకున్నాక పిల్లలకు వినికిడి పరీక్ష తప్పనిసరి.

రోగికి మెనింగోకాకస్ అని తేలితే ఇంట్లోవాళ్లకూ డాక్టర్లు రిఫాంపిసిన్ లేదా సిప్రోఫ్లోక్సాసిన్ ఇస్తారు.

టీకాలు, హజ్ ప్రయాణం

పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్, పీసీవీ టీకాలు ఈ జబ్బు తెచ్చే రెండు ముఖ్యమైన క్రిముల నుంచి కాపాడతాయి. మెనింగోకాకస్‌కి వేరే టీకా ఉంది. 1987 హజ్‌లో ఏ రకం, 2000లో డబ్ల్యూ రకం యాత్రికుల్లో వ్యాపించాయి. అందుకే ఏ, సి, వై, డబ్ల్యూ నాలుగింటికీ పనిచేసే టీకాను సౌదీ ప్రభుత్వం తప్పనిసరి చేసింది. సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. హజ్, ఉమ్రా నుంచి వచ్చాక ఇంట్లో ఎవరికైనా పై లక్షణాలు కనిపిస్తే ప్రయాణం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.