నేను లేనప్పుడు ఏం చదివిండ్రు?

9వ శతాబ్దంలో, కాన్‌స్టాంటినోపుల్ నగరంలో ఫోటియస్ అని ఒకాయన ఉండేవాడు. తర్వాత్తర్వాత అక్కడి చర్చికే పెద్ద అయ్యాడు గానీ, అప్పటికింకా రాజు కొలువులో ఉద్యోగి. పుస్తకాల పిచ్చి జాస్తి. ఆయన సోదరుడు తరాసియస్ కొన్నాళ్లు చదువుల కూటానికి రాలేకపోయాడు. నేను లేనప్పుడు చదివిన పుస్తకాల్లో ఏముందో రాసిపెట్టమని అడిగాడు. ఫోటియస్ అప్పుడు అరబ్బుల దగ్గరికి రాయబారిగా వెళ్లే హడావుడిలో ఉన్నాడు. అయినా కూర్చొని దాదాపు 280 పుస్తకాల సంగతులు రాశాడు. కొన్నిటికి రెండు మూడు వాక్యాలు, కొన్నిటికి పేజీలకు పేజీలు. శైలి నచ్చితే నచ్చిందన్నాడు, లేకపోతే మొహమాటం లేకుండా లేదన్నాడు. అకిలీస్ టేషియస్ రాసిన ప్రేమకథలో భాషను మెచ్చుకొని, బూతుకు మాత్రం గట్టిగా చీవాట్లు పెట్టాడు. మొత్తం చదివాడన్నమాట!

అసలు నన్ను ఎగిరి గంతేయించిన ముక్క ఇది కాదు. ఫోటియస్ చెప్పిన పుస్తకాల్లో సగం దాకా ఇప్పుడు లోకంలో లేవు. అలా పోయిన వాటిలో మన దేశం మీద గ్రీకులు రాసుకున్న తొలి పుస్తకాల్లో ఒకటైన 'ఇండికా' ఉంది. రాసినవాడు క్టీసియస్. క్రీ.పూ. 400 ప్రాంతంలో పర్షియా రాజుకు వైద్యుడు. మన దేశం గడప తొక్కలేదు. పర్షియాలో కూర్చొని విన్నవన్నీ రాశాడు. మనిషి మొహం ఉన్న సింహమంత జంతువట, ఒంటికొమ్ము అడవిగాడిదట. ఆ పుస్తకంలో ఏముందో ఈ రోజు మనకు తెలుస్తున్నదంటే ముఖ్యంగా ఫోటియస్ రాతవల్లనే. అంటే, కూటానికి రాని మనిషి ఒకడు అడిగినందువల్ల.

ఇది చదవగానే నాకు మా సెంటినరీ కాలనీ మూడో షిఫ్టు మతికొచ్చింది. 1889లో ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తీయడం మొదలై నూరేళ్లు నిండిన గుర్తుగా మా కాలనీకి ఈ పేరు. రామగుండం-3 ఏరియా మాది. ఒక దిక్కు రామగిరి ఖిల్లా, ఇంకో దిక్కు మంథని, నడుమ ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు. ఇక్కడ ఏ నలుగురూ ఒక్కసారి కూడరు. ఒకరు మొదటి షిఫ్టు చేసి వచ్చి తానం చేసేసరికి ఇంకొకరు రెండో షిఫ్టుకు మస్టర్ పడి ఉంటారు. మూడో మనిషి రాత్రి డ్యూటీ ఉందని పగలే కిటికీలు మూసుకొని పండుకుంటాడు. షిఫ్టు మారినప్పుడల్లా రానివాళ్లూ మారుతుంటారు. అందుకే మా దగ్గర పుస్తకాల ముచ్చట రానివాడికి చెప్పడంతోనే మొదలయ్యేది.

"మొన్న నేను లేకుంటి గదనే, యాడిదాక వచ్చింది కథ?"

"చెప్త గని, సగమే చదివిన."

ఆ సగం అన్న మాటే నాకు ఇష్టం. పుస్తకం పూర్తి చేసినవాడు తీర్పు చెప్తాడు. సగంలో ఉన్నవాడికి తీర్పు చెప్పే హక్కు లేదు, కథ ఎటు పోతదో అన్న గుబులు తప్ప. వినేవాడికి అంటుకునేది ఆ గుబులే. పుస్తక సమీక్షలు చదివి నేను కొన్న పుస్తకాలు తక్కువ. సగంలో ఉన్నవాడి మొహం చూసి అడుక్కొని తెచ్చుకున్నవి ఎక్కువ.

ఫోటియస్ తర్వాత ఓ వెయ్యేళ్లు దాటేస్తాను. తాటాకుల కాలంలో ఊరికి ఒక ప్రతి ఉంటే గొప్ప. గుళ్లోనో దొరవారి వాకిట్లోనో ఒకాయన భారతం చదివి అర్థం చెప్తుంటే ఊరంతా వినేది. రాత్రి కథ ఆగిన చోటు అందరికీ ఒకటే. అక్కడ ఏం చదువుతున్నవని ఒకరినొకరు అడిగే పనే లేదు. ఎవరి పుస్తకం వారి చేతికి వచ్చాక గానీ ఆ ప్రశ్న పుట్టదు. అన్నీ కొనుక్కునే స్తోమత ఉన్నచోట కూడా పుట్టదు.

ఆ ప్రశ్నకు బలం ఎక్కడ దొరికిందని వెతుకుతూ పోతే మళ్లీ గనుల దగ్గరే తేలాను. స్కాట్లండులో లెడ్‌హిల్స్ అనే కొండ ఊళ్లో సీసం తవ్వే కార్మికులు 1741లో ఒక చదువరుల సంఘం పెట్టుకున్నారు. చందాలు వేసుకొని నడిపిన గ్రంథాలయాల్లో బ్రిటన్‌లోకెల్లా పాతది అదే. మొదటి సభ్యులు 23 మంది. ఊరి పాదిరీ, బడిపంతులు తప్ప మిగతా వాళ్లంతా గనిలో దిగేవాళ్లే. చదువుకునే తీరిక ఎట్లా దొరికిందంటే, అక్కడి గనుల మేనేజరు జేమ్స్ స్టిర్లింగ్. లెక్కలు చదివినవాళ్లకు స్టిర్లింగ్ సూత్రం పేరుతో తెలిసిన ఆ స్టిర్లింగే. లోపల పని ఆరు గంటలకు మించనివ్వలేదు. గణితశాస్త్రజ్ఞుడు మేనేజరైతే ఏమవుతుందో చూడండి. మిగిలిన గంటల్లో కార్మికుడు పుస్తకం పట్టుకున్నాడు.

ఇక నాకు ఇష్టమైన కాలానికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపే కూర్చుంటాను, ఓపిక పట్టాలి.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. వెనక ఉన్నవాళ్లు కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు. ఇల్లున్న చోటు కూడా చూడాలి. అది రెసిడెన్సీ బజారు, ఇప్పటి సుల్తాన్ బజారు. నగరం నిజాముదే అయినా ఆ బజార్ల మీద పెత్తనం బ్రిటిష్ రెసిడెంటుది. నాలుగు వీధులవతల అనుమానంగా చూసే పని అక్కడ కొంచెం ధైర్యంగా చేసుకోవచ్చు. నూటికి అయిదుగురు కూడా చదవలేని రాజ్యం, రాజభాష ఉర్దూ. అందులో తెలుగు పుస్తకాలకు ఒక ఇల్లు! 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధిని వచ్చాయి.

ఇల్లు దొరికాక కొమర్రాజుకు తెలిసొచ్చిందేమిటంటే, అందులో పెట్టడానికి కొత్త పుస్తకాలు చాలినన్ని లేవు. కావ్యాలున్నాయి, శతకాలున్నాయి. చరిత్ర, విజ్ఞానం ఏవి? 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది. 1907లో వచ్చిన దాని మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. హైదరాబాదులో కూర్చొని, రాజుల పాలనలో, మొదటి పుస్తకంగా ఒక ప్రజాస్వామ్య దేశపు అధ్యక్షుడి బతుకు వేయడం ఊరికే జరిగిందని నేను అనుకోను. ఆ పుస్తకం ఒకరు చదువుతుంటే పక్కవాడు 'ఏందది' అని అడగడమే సగం పని. మిగతా సగం జవాబు చేస్తుంది.

కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య ఇదే పిచ్చిని ఉద్యమం చేశాడు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన మొదటి గ్రంథాలయ మహాసభకు అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్ననాటినుంచే చూపు మందగించి, చివరికి పూర్తిగా పోయి, ఆంధ్ర మిల్టన్ అనిపించుకున్న మనిషి. ఇంకొకరు చదివి వినిపిస్తే తప్ప పుస్తకం అందని రచయిత, గ్రంథాలయాల సభకు పెద్ద. అంతకంటే తగినవాళ్లు ఎవరుంటారు? 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల్లో పడవ మీద గ్రంథాలయమే నడిపాడు. రేవు దగ్గర ఆగిన పడవలో పుస్తకాలు దిగి, చదివినవి ఎక్కేవి. పడవ వచ్చినప్పుడు నీళ్లకొచ్చినవాళ్ల మధ్య ఏ మాటలు నడిచాయో ఎవరూ రాసిపెట్టలేదు. అదొక్కటి ఎవరైనా రాసి ఉంటే నా దగ్గరున్న పుస్తకాల్లో సగం ఇచ్చేసేవాణ్ని.

తెలంగాణలో ఇంత తేలికగా జరగలేదు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి. ఆ షరతు పెట్టిన 53వ నంబరు గస్తీ (సర్కారు ఉత్తర్వు) అంటే ఆ తరం వాళ్లకు ఒళ్లు మంట. గ్రంథాలయం కూడా అనుమానపు జాబితాలోదే. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాలు పెట్టించడాన్ని పెద్దపనిగా తలకెత్తుకుంది. రాజకీయం మాట్లాడనివ్వని చోట పుస్తకం గురించి మాట్లాడటమే రాజకీయమైంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక వచ్చాక ఊళ్లో ఒక ప్రతి చాలు. చదువొచ్చినవాడు చదివితే పదిమంది విని, ఇరవైమందికి చెప్పుకునేవారు.

ఈ కాలమంతటిలో నాకు వట్టికోట ఆళ్వారుస్వామి మీద మనసు. నల్గొండ జిల్లా మాధవరం మనిషి. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేశాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. జైళ్లకు పోయాడు. 'ప్రజల మనిషి' నవల రాశాడు. 1961లో, నలభయ్యారు నిండకుండానే పోయాడు. దుకాణంలో కూర్చున్నవాడికి పుస్తకం సరుకు. మోసుకొని తిరిగేవాడు మాత్రం ప్రతి అరుగు మీదా కూర్చొని అందులో ఏముందో చెప్పాలి, చెప్పకపోతే ఎవరు కొంటారు? నిన్నటి ఊళ్లో ఏం చదువుతున్నారో ఇవాళ్టి ఊరికి చెప్పగలిగేవాడు కూడా అతనే. ఇప్పుడు పుస్తకం డబ్బాలో ఇంటికి వస్తున్నది, తెచ్చిన పిల్లవాడికి లోపల ఏముందో తెలియదు. సౌకర్యమే, కాదనను. కానీ ఆ అరుగు మీది అరగంట పోయింది, దాన్ని ఏ కంపెనీ తెచ్చివ్వలేదు.

అతను పోయిన 1961 ప్రాంతంలోనే గోదావరిఖనిలో బొగ్గు బాయిలు మొదలయ్యాయి. పొలాలు వదిలి, ఊళ్లు వదిలి వచ్చిన జనం. మా పక్క మంథనికి అప్పటి ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు. 1957 నుంచి 1977 దాకా ఆయనే. విశ్వనాథ 'వేయిపడగలు'ను హిందీలో 'సహస్రఫణ్' చేసిన మనిషి. ఎమ్మెల్యేను కలిసినప్పుడు బస్సు గురించి, కరెంటు గురించి కాక ఏం చదువుతున్నారని అడిగే అవకాశం ఉన్న నియోజకవర్గాలు దేశంలో ఎన్ని ఉంటాయి? ఎవరైనా అడిగారో లేదో మరి.

కార్మికుల చేతికి పుస్తకం చేరిన తోవ వేరు. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను, అందులో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు అక్కడ కూర్చొని అనువదించినవి. గట్టి అట్ట, మంచి కాగితం, ధర మాత్రం చాయ్ పైసలంత. గోర్కీ 'అమ్మ' క్రొవ్విడి లింగరాజు తెలుగులో అప్పటికే పాతబడింది. అయినా చేతులు మారుతూనే ఉంది. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్టు మొదలై, అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి చేత 'ఏడు తరాలు'గా తెచ్చింది. తాత పేరు, ముత్తాత పేరు మరవకుండా చెప్పుకునే ఆఫ్రికా బానిసల కథ, వెట్టి చేసిన తాతలున్న మనుషులకు పరాయిది ఎట్లా అవుతుంది?

అదే కాలంలో 'ఏం చదువుతున్నవ్' అన్న ప్రశ్నకు ఇంకో గొంతు వచ్చింది. అది పోలీసుది. 80లలో బొగ్గు బెల్టులో కొన్ని పుస్తకాలకు వార్తాపత్రిక అట్ట తప్పనిసరి. పైన సినిమా బొమ్మ, లోపల వేరే సంగతి. మనసిచ్చి అడిగేవాడికీ మందలించడానికి అడిగేవాడికీ మాట ఒకటే, జవాబులే వేరు. ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. హవానాలో చుట్టలు చుట్టే కార్మికులు 1865లో తమ కూలీలోంచి డబ్బులు వేసుకొని, పనిచేస్తుండగా నవలలు చదివి వినిపించే మనిషిని పెట్టుకుంటే, మరుసటి ఏడే సర్కారు నిషేధించింది. కొన్నాళ్లకు ఆ అలవాటు మళ్లీ తలెత్తి నేటికీ నడుస్తున్నది. అక్కడ వాళ్లు మెచ్చిన డ్యూమా నవల పేరుతో మాంటెక్రిస్టో చుట్ట కూడా వచ్చింది. మన దగ్గర బీడీకి గురజాడ పేరు పెట్టినవాళ్లు నాకు తెలిసి లేరు.

చదివేవాళ్లలోంచే రాసేవాళ్లు లేచారు. మంథని దిక్కునుంచి అల్లం రాజయ్య, గోదావరిఖనిలో తుమ్మేటి రఘోత్తమరెడ్డి. కథ అచ్చయిన పత్రిక ఒక్కటి వస్తే అది బస్తీ అంతా తిరిగేది. ఈ కథలో ఉన్నది మా లైన్లోని ఫలానా ఆయనే అని వాదన. వాళ్లను చదివేటప్పుడు 'యాడిదాక వచ్చింది' అన్న మాటకు అర్థమే మారిపోయింది. కథ తమ గడప దాకా వచ్చేసింది.

బాయి దిగని ఆడవాళ్లకు ఇంకో దారి ఉండేది. మాలతీ చందూర్ స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఏళ్లతరబడి ఇంగ్లీషు నవలలను పరిచయం చేసింది. ఇంగ్లీషు రాని ఇల్లాలు వాటిని చదివి, మధ్యాహ్నం పక్క క్వార్టరు ఆమెకు చెప్పేది. పండితులు దాన్ని సారాంశం అని చిన్నచూపు చూశారు. ఫోటియస్ రాసిందీ సారాంశమే గదా! ఈ ముచ్చట సముద్రం కూడా దాటింది. అమెరికాలో మనవాళ్లు 1998లో డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బు పెట్టి, నెలకో పుస్తకం చదివి కూర్చొని మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు షిఫ్టు గోల లేదు గానీ మంచు గోల ఉంది.

మా దగ్గర? 1990 ప్రాంతంలో లక్ష దాటి ఉన్న సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు దాదాపు 40 వేలు. యంత్రాలు వచ్చాయి, బాయిలు మూతబడ్డాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. చాయ్ కొట్టు దగ్గర తలలే తగ్గిపోతే ముచ్చట ఎక్కణ్నుంచి వస్తుంది? యువకులు ఫోన్లో చదువుతున్నారు, నిజమే. కానీ ఫోన్లో చదివేవాడి చేతిలో ఏ పుస్తకం ఉందో పక్కవాడికి కనిపించదు. అట్ట కనిపించకపోతే అడగబుద్ధి కాదు. అన్నిటికంటే నాకు దిగులు గ్రంథాలయంలో పుస్తకం వెనక అతికించే తేదీల చీటీ పోవడం. ఎప్పుడెప్పుడు ఎవరెవరో తీసుకుపోయారన్న గుర్తు అందులో ఉండేది. ఒక నవల మీద వరుసగా అయిదు తేదీలు పడి ఉంటే, ఇది ఊరికే తిరగడం లేదని తెలిసేది. ఏ తేదీలూ లేని పుస్తకం మీద జాలేసి ఇంటికి తెచ్చుకున్న రోజులున్నాయి.

ప్రస్తుతం నేను చదువుతున్నది మాడపాటి హనుమంతరావుగారి 'తెలంగాణా ఆంధ్రోద్యమము'. సగంలో ఉన్నాను. ఎవరు ఏ సభకు వచ్చారు, ఏ అర్జీకి ఏ జవాబు వచ్చింది అని ఓపికగా రాసుకుంటూ పోతారు. కొన్నిచోట్ల నిద్ర వస్తుంది, కొన్నిచోట్ల నిద్ర ఎగిరిపోతుంది. నా తర్వాత ఇద్దరు వరుసలో ఉన్నారు. అందులో ఒకాయనది ఈ వారం మూడో షిఫ్టు, పగలు తలుపు కొడితే కోప్పడతాడు. కావాలన్నవాళ్లు ఆయన దగ్గరే పేరు చెప్పుకోండి, సాయంత్రం ఆరు దాటాక.