అడ్డపొగ, అమెరికా గోధుమలు

అమెరికా యూనివర్సిటీల్లో సీడ్ ఫండింగ్ అని ఒకటుంది. పెద్ద గ్రాంటు అడగాలంటే ముందు చేతిలో కాస్త డేటా ఉండాలి. డేటా కావాలంటే ముందు కాస్త డబ్బుండాలి. గుడ్డు ముందా కోడి ముందా అన్నమాట. ఆ చిక్కు విడదీయడానికి యూనివర్సిటీయే తన జేబులోంచి చిన్న మొత్తం తీసి, "ఏడాది పాటు ఏదో ఒకటి చేసి చూపించండి" అంటుంది. మన భాషలో చెప్పాలంటే పీఓసీ బడ్జెట్.

మాది ముండ్లమూరు వైపు. మా దగ్గర 'సీడ్' అంటే ముందు గుర్తొచ్చేది పొగాకు నారుమడి. పొగాకు విత్తనం ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. తిన్నగా చేలో చల్లితే ఏమీ దక్కదు. ఒక మూల మడి కట్టి, ఓ రెండు నెలలు నీళ్ళు చల్లి పెంచి, అప్పుడు చేలో నాటాలి. మడికయ్యే ఖర్చు మొత్తం పంట ఖర్చులో ఏ మూలకీ రాదు. కానీ అది లేకపోతే అసలు పంటే లేదు.

అమెరికాలో ఇలాంటి డబ్బులో కొంత 'క్యాన్సర్ హెల్త్ డిస్పారిటీస్' అనే పని మీద పెడుతున్నారు. అంటే ఒకే జబ్బు ఎవరికి ఎక్కువ వస్తోంది, ఎవరు ఆలస్యంగా ఆస్పత్రికి చేరుతున్నారు, ఎవరు ఎక్కువగా పోతున్నారు, ఎందుకు అని తవ్వడం. వాళ్ళ ఎన్‌ఐహెచ్‌లో 2000లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సెంటర్ పెట్టి, 2010లో దాన్ని పూర్తిస్థాయి ఇన్‌స్టిట్యూట్ చేశారు. ఇందులో డాక్టరు ఒక్కడే ఉంటే కుదరదు. లెక్కల మనిషి కావాలి, ఊళ్ళ సంగతి తెలిసిన మనిషి కావాలి, డేటా చూసే మనిషి కావాలి.

"అది అమెరికా వాళ్ళ గోల, మనకెందుకు?" అంటారా? విషయం ఏంటంటే, ఈ పేర్లేవీ పుట్టకముందే, 1960ల్లోనే, ఇలాంటి పని మన శ్రీకాకుళం ఊళ్ళలో జరిగింది. అదీ దంత వైద్యులు, ఒక ఫిజిక్స్ సంస్థ, అమెరికా గోధుమలు కలిసి చేసిన పని! మనలో చాలామందికి ఈ కథ తెలియదు.

ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటు గురించి వినే ఉంటారు. చుట్టని తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. ఆడవాళ్ళలోనే ఎక్కువ. ఎందుకలా అంటే రకరకాల కారణాలు చెబుతారు. చెరువులో బట్టలుతికేటప్పుడు, చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచేటప్పుడు గాలికీ నీళ్ళకీ చుట్ట ఆరిపోదని కొందరు, ఒళ్ళో పిల్లాడి మీద బూడిద పడదని కొందరు. చుట్టకి వాడేది నాటు పొగాకు. మా వైపు బ్యారన్లలో కాల్చే సిగరెట్టు పొగాకు వేరు. ఏ పొగాకైతేనేం, అంత వేడీ అంత పొగా తిన్నగా అంగిలికి తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మామూలుగా నోటి క్యాన్సర్ గట్టి అంగిలి మీద రావడం అరుదు. ఇక్కడ మాత్రం అక్కడే వచ్చేది.

ఈ సంగతి మన డాక్టర్లకి తెలియక కాదు. బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో ఖనోల్కర్ 1945లోనే, మన దేశపు అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల గురించి రాస్తూ దీన్ని ప్రస్తావించారు. 1957లో రెడ్డి, రావు అనే ఇద్దరు వైద్యులు కోస్తాంధ్రలో నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి ఏకంగా ఒక పేపరే ప్రచురించారు. అంటే బగ్ ఎప్పుడో రిపోర్ట్ అయింది. మరి అక్కడ ఆగిపోయిందేమిటి?

ఆగింది లవం, హారం దగ్గర. చిన్నప్పటి భిన్నాలు గుర్తు తెచ్చుకోండి. ఆస్పత్రిలో కూచున్న డాక్టరుకి దొరికేది లవం మాత్రమే. ఇంతమంది అంగిలి క్యాన్సర్‌తో వచ్చారు, అందులో ఇంతమంది అడ్డపొగ తాగేవాళ్ళు, అంతవరకే. ఊళ్ళో మొత్తం ఎంతమంది తాగుతున్నారు, వాళ్ళలో ఎంతమందికి ఏమీ కాలేదు, ఎంతమందికి మచ్చ వచ్చి ఇంకా బయటపడలేదు, ఎంతమంది ఆస్పత్రి గడప తొక్కకుండానే పోయారు... ఇవన్నీ హారానికి సంబంధించినవి. హారం ఆస్పత్రికి నడిచి రాదు. మనమే ఊళ్ళోకి వెళ్ళి, గుమ్మం గుమ్మం ఎక్కి, నోరు తెరిపించి చూసి రాసుకోవాలి. దానికి జీపులు కావాలి, మనుషులు కావాలి, నెలల తరబడి జీతాలివ్వాలి.

అసలు 'డిస్పారిటీ' అంటేనే రెండు భిన్నాల మధ్య పోలిక. హారం లేకపోతే భిన్నమే లేదు. భిన్నం లేకపోతే తేడా ఉందని రుజువు చేయలేం. అందుకే పేదవాళ్ళ జబ్బులు అందరికీ తెలిసినవే అయినా కాగితం మీద కనిపించవు.

ఇక్కడ మనకి పనికొచ్చే మనిషి ఫలీ మెహతా అనే దంత వైద్యుడు. ఆయన విభాగం ఎక్కడుండేదో చూడండి. బొంబాయిలో హోమీ భాభా స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో! అవును, కాస్మిక్ కిరణాలు, అణువులు, గణితం చేసే టీఐఎఫ్ఆర్‌లోనే. మన దేశపు తొలితరం కంప్యూటర్ టిఫ్రాక్ 1960లో పనిచేయడం మొదలుపెట్టింది కూడా ఆ సంస్థలోనే. 1964లో సీడీసీ 3600 వచ్చింది కూడా అక్కడికే. అలాంటి చోట బేసిక్ డెంటల్ రిసెర్చ్ యూనిట్ అని ఒక చిన్న విభాగం. ఆయనకి తోడు దఫ్తరీ అనే సహ పరిశోధకుడు, ప్రకాశ్ గుప్తా అనే స్టాటిస్టీషియన్, కోపెన్‌హాగెన్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ అనే నోటి జబ్బుల నిపుణుడు. ఇప్పుడు మనం ఇంటర్ డిసిప్లినరీ అని గొప్పగా చెప్పుకునేది వాళ్ళు ఆ పేరు పెట్టకుండానే చేసేశారు.

మరి డబ్బో? అక్కడే గోధుమలొచ్చాయి. 1954లో అమెరికా పీఎల్ 480 అనే చట్టం చేసింది. ఆ చట్టం కింద మనం వాళ్ళ గోధుమలు కొని, డాలర్లు లేక రూపాయల్లో కట్టేవాళ్ళం. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే గుట్టలుగా పడి ఉండేవి. వాటిని దేశం దాటించడం కష్టం. అందుకని ఇక్కడే ఖర్చుపెట్టేవాళ్ళు. 1962 నుంచీ అమెరికా లైబ్రరీల కోసం మన తెలుగు పుస్తకాలు కొన్నది కూడా ఆ రూపాయలతోనే. అందులో కొంత భాగం ఎన్‌ఐహెచ్ ద్వారా మెహతా గారి యూనిట్‌కి పరిశోధన కోసం వచ్చింది.

1960ల రెండో సగంలో ఐదు జిల్లాల్లో ఇంటింటి సర్వే చేశారు. ఎర్నాకుళం, భావనగర్, దర్భంగా, సింగ్‌భూమ్, మన శ్రీకాకుళం. మొత్తం 50,915 మంది నోళ్ళు చూశారు. 1969లో ఆ వివరాలు 'క్యాన్సర్' అనే పత్రికలో వచ్చాయి. శ్రీకాకుళం సంగతి విడిగా 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వేశారు. 10,169 మంది పల్లెటూరి వాళ్ళని చూస్తే నూటికి 43.8 మంది అడ్డపొగ తాగేవాళ్ళే! ఒకళ్ళిద్దరి వింత అలవాటు అనుకున్నది దాదాపు సగం ఊరి అలవాటని తేలింది. అదీ హారం అంటే.

అక్కడితో ఆపలేదు. వాటిలో మూడు ప్రాంతాల్లో అవే మనుషుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. తర్వాత అసలు ప్రశ్న వేశారు: దగ్గర కూచుని చెబితే జనం మానతారా? మానితే జబ్బు తగ్గుతుందా? 36,000 మంది పొగాకు వాడేవాళ్ళని తీసుకుని ఐదేళ్ళపాటు ఏటా పరీక్ష చేస్తూ, మనిషి మనిషికీ చెబుతూ, సినిమాలూ పోస్టర్లూ లాంటి వాటితో ప్రచారం కూడా చేశారు. అంతకుముందు అవే ప్రాంతాల్లో ఇలాంటి ప్రచారం లేకుండా గమనించిన 10,287 మందితో పోల్చారు. 1986లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మూడిట్లో రెండు ప్రాంతాల్లో మానేసినవాళ్ళూ బాగా తగ్గించినవాళ్ళూ ఎక్కువయ్యారు. అక్కడ క్యాన్సర్‌కి ముందొచ్చే తెల్లమచ్చలు, అదే ల్యూకోప్లాకియా, కొత్తగా రావడం తగ్గింది. చదువురాని పల్లెటూరి వాళ్ళకి చెప్పి ప్రయోజనం లేదు అనే మాటకి అంకెలతో సమాధానం దొరికింది.

ఇందులో నాకు మింగుడుపడనివి కూడా ఉన్నాయి. ఆ 10,287 మందిని ప్రచారం ఏమీ లేకుండా ఏళ్ళ తరబడి గమనించడం అనేది ఇవ్వాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందుకెళ్ళినా చాలా ప్రశ్నలొస్తాయి. రావాలి కూడా. పైగా సర్వే వచ్చినంత వేగంగా వైద్యం రాలేదు. టాటా మెమోరియల్ వాళ్ళ క్యాన్సర్ ఆస్పత్రి విశాఖలో మొదలైంది 2014లో. మొదటి సర్వేకీ దానికీ మధ్య దాదాపు యాభై ఏళ్ళు. కొలవడం వేరు, బాగుచేయడం వేరు. కొలిస్తే చాలు అనుకుంటే మనం డ్యాష్‌బోర్డు చూసి ప్రాజెక్టు బాగుందనుకునే మేనేజర్ల లాగే తయారవుతాం :)

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పెట్టారు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది. ఏ నేలలో ఏ రకం వేయాలి, ఆకు ఎలా కాల్చాలి, ఏ గ్రేడుకి ఎంత ధర, అన్నిటికీ శాస్త్రజ్ఞులున్నారు, లెక్కలున్నాయి. వేలం కేంద్రంలో ప్రతి బేలుకీ నెంబరుంటుంది. నేను దాన్ని తప్పు పట్టను, మా వైపు ఎన్నో ఇళ్ళు ఆ ఆకు మీదే నిలబడ్డాయి. కానీ ఆకుకి మన ప్రభుత్వ డబ్బుతో శాశ్వత సంస్థ వచ్చింది. అదే ఆకు తాగే నోటి లెక్క తేల్చడానికి మాత్రం గోధుమల బాకీ డబ్బు కావాల్సొచ్చింది. విశాఖలో మెడికల్ కాలేజీ ఉంది, వాల్తేరులో యూనివర్సిటీ ఉంది, రోగులు కళ్ళముందే ఉన్నారు. 1957 పేపరు తర్వాత వెంటనే ఒక జీపు, ఇద్దరు దంత వైద్యులు, ఒక లెక్కల మాస్టారు, ఏడాది జీతం ఇచ్చేవాళ్ళుంటే, ఆ పదివేల మంది లెక్క పదేళ్ళు ముందే వచ్చుండేది.

ఇలా శాఖలు కలిసి పనిచేయడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఫ్లోరోసిస్ వల్ల ఎముకలు బిగుసుకుపోవడం గురించి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన పేపరు నెల్లూరు జిల్లా మీదే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. రోగి నడుమే చూస్తూ కూచుంటే అది వాతం. పక్కనే బావి నీళ్ళు పరీక్షిస్తేనే అది ఫ్లోరైడ్. ఎముక చూసే కన్నూ నీళ్ళు కొలిచే చెయ్యీ కలిసినప్పుడే జబ్బుకి పేరొచ్చింది.

ఇక ఇవ్వాళ్టి సంగతి. ముండ్లమూరులోనో తాళ్ళూరులోనో ఒక మనిషికి క్యాన్సర్ అని అనుమానం వస్తే ఒంగోలు, గుంటూరు, హైదరాబాద్, చెన్నై, ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి పోతారు. నాలుగు ఊళ్ళ ఆస్పత్రుల లవాల్లో చెదిరిపోతారు. పొగాకు గ్రేడింగులో రోజంతా ఆకు దుమ్ము మధ్య కూచునే ఆడకూలీలకి ఏమవుతోంది, ఎవరు ఏ దశలో ఆస్పత్రికి చేరుతున్నారు అంటే, నాలుగు చోట్ల రికార్డులు కలిపి, ఊరి జనాభాతో భాగిస్తే తప్ప తెలియదు. ఇందులో సగం పని డాక్టర్లది కానే కాదు, మనలాంటి వాళ్ళది. ఒకే పేరు నాలుగు స్పెల్లింగుల్లో ఉంటే కలపడం, డూప్లికేట్లు తీసేయడం. బ్యాంకుల కోసం, బీమా కంపెనీల కోసం మనం రోజూ చేసే పనే.

మనం చదివిన కాలేజీల పూర్వ విద్యార్థుల సంఘాలు ఏటా చందాలు అడుగుతాయి. ఆడిటోరియం, ఆర్చి, విగ్రహం. వాటి మీద పేరు చెక్కుతారు కాబట్టి మనమూ ఇస్తాం. ఈసారి అడిగితే ఒక చిన్న షరతు పెట్టి చూడండి: పక్క ఊరి మెడికల్ కాలేజీ నుంచి ఒక డాక్టరు, మన కాలేజీ నుంచి ఒక స్టాటిస్టిక్స్ లెక్చరరు, ఒక ప్రోగ్రామరు, ఒక ఏఎన్ఎం కలిసి వస్తే, ఒక్క మండలానికి, ఒక్క ఏడాదికి సరిపడా డబ్బు ఇస్తామని. మన పేరు ఎక్కడా చెక్కరు. ఒక హారం మాత్రం మిగులుతుంది.