అస్థీభవన పరీక్ష

ఎముకల ఎదుగుదలను ఎక్స్-రేలలో పరిశీలించి వ్యక్తి వయస్సును అంచనా వేయు విధానాన్ని న్యాయవైద్యశాస్త్రంలో అస్థీభవన పరీక్ష లేదా ఆసిఫికేషన్ టెస్టు అంటారు.

పిల్లలలో పొడవాటి ఎముక కొనకూ కాండానికీ నడుమ మృదులాస్థి పొర ఉంటుంది. ఎదుగుదల ముగిసేనాటికి అది ఎముకగా మారి, రెండు భాగాలూ అతుక్కుంటాయి. ఇది అన్నిచోట్లా ఒకేసారి జరగదు. మోచేతి వద్ద సుమారు 14-16 ఏళ్ళకు, మణికట్టు వద్ద 17-19 ఏళ్ళకు పూర్తవుతుంది. జత్రుక యొక్క రొమ్ము వైపు కొన 20 దాటిన తరువాతనే అతుక్కుంటుంది. బాలికలలో ఈ మార్పులు ఒకటి రెండేళ్ళు ముందుగానే వస్తాయి. పోషణ, వ్యాధులు కూడా వీటిని ప్రభావితం చేస్తాయి గనుక ఒక్క కీలును చూసి వయస్సు చెప్పడం సరికాదు. ప్రసిద్ధమైన గ్రూలిక్-పైల్ అట్లాసు (1950) అమెరికాలోని శ్వేతజాతి పిల్లల ఎక్స్-రేలతో తయారైనది; దానిని భారతీయులకు యథాతథంగా అన్వయించరాదు. 1937లోనే గాల్‌స్టాన్ భారతీయులపై ప్రత్యేక పరిశీలన ప్రచురించాడు.

ఫలితం అంచనా మాత్రమే. జయమాల కేసులో (1982) సుప్రీంకోర్టు రెండేళ్ళు అటూ ఇటూ తేడా ఉండవచ్చునని పేర్కొన్నది. అనగా 17 అని తేలిన నిందితుడికి 15 ఉండవచ్చు, 19 కూడా ఉండవచ్చు. అతడిని బాలుడిగా చూడాలా, వయోజనుడిగా విచారించాలా అన్నది ఆ తేడాలోనే ఉంటుంది. అందువల్లనే 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షను ముందుగా పాఠశాల లేదా మెట్రిక్యులేషన్ ధ్రువపత్రాన్ని, అది లేనిచో పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రాన్ని చూడమంటుంది. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష.