స్త్రీల స్వతంత్ర వ్యాపారము: ఉత్తరాంధ్ర తీరమున పూటకూళ్ళమ్మ మొదలు పొదుపు సంఘము వరకు

ఆంధ్రదేశ వర్తక చరిత్రను గూర్చి మనకు గల రచనలలో శ్రేణులు, నకరములు, రేవులు, సుంకములు సవిస్తరముగ చర్చింపబడినవి. ఆ చర్చలో స్త్రీకి దొరకిన చోటు మిక్కిలి స్వల్పము. ఆమె వర్తకురాలుగ గాక దాతగనో, రాణిగనో, వర్తకుని భార్యగనో మాత్రమే కానవచ్చును. తన మదుపుతో, తన బాధ్యతపై, లాభనష్టములకు తానే కర్తయై వ్యాపారము నడపిన స్త్రీ మన చరిత్రలో లేదా? ఉన్నచో ఆమెకు అడ్డు వచ్చిన దేమి? ఆమెకు దక్కిన ఫల మేమి? విశాఖపట్టణమును, పూర్వము ఆ జిల్లాలో చేరియుండిన విజయనగరమును క్షేత్రముగ గైకొని ఈ ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నా ప్రతిపాదన మిది. ఈ తీరమున స్త్రీ వ్యాపారము ఏ కాలమునను లేకపోలేదు. ఆమెకు కొఱవడినది నేర్పు కాదు. మదుపుపై అధికారము, అమ్ముకొనుటకు స్థిరమైన చోటు, వర్తకురాలను పేరు. ఈ మూడింటిలో మూడవది లోపించుటచేతనే మొదటి రెండును తఱచుగ లోపించినవి.

విశాఖపట్టణము మధ్యయుగముననే వర్తకస్థానము. 11వ శతాబ్ది చివరినాటి శాసనములలో దీనికి కులోత్తుంగచోళపట్టణమను నామాంతరము కలదు. అంజువణ్ణమను విదేశ వర్తక సంఘపు ప్రసక్తియు కలదు. సమీపమున సింహాచలమునందలి శాసనములలో అఖండదీపములకు ద్రవ్యమును, గోవులను సమర్పించిన స్త్రీలు కానవచ్చుచున్నారు. ఫలానివాని భార్య, ఫలానివాని కూతురు అని పరిచయము, తరువాత దానవివరము. ఆ ద్రవ్యము ఎట్లు ఆర్జితమయ్యెనో చెప్పుట దానశాసనముల ప్రయోజనము కాదు. కావున శాసనములు మౌనము వహించినంతమాత్రమున స్త్రీలు ఆర్జింపలేదని నిర్ణయించుట తర్కసమ్మతము కాదు.

శాసనములు చెప్పనిదానిని జానపద వాఙ్మయము కొంత చెప్పుచున్నది. మన కథలలో దేశాంతరమేగిన రాకుమారుడు ఏ పట్టణము చేరినను దిగునది పేదరాశి పెద్దమ్మ యింటనే. ఆమె బాటసారికి చోటిచ్చును, వండిపెట్టును, పట్టణపు వార్తలు చెప్పును, ప్రతిగా ధనము గైకొనును. ఆమెకు భర్త ఉన్నట్లు కథలు చెప్పవు. ఆమె చేయునది బసయిచ్చు వ్యాపారమే. కాని కథకుడు ఆమెను వ్యాపారస్త్రీ యనక 'పెద్దమ్మ' యనును. బంధుత్వవాచకము వృత్తివాచకమును కప్పివేసినది. పూటకూళ్ళమ్మ యను మాటయు ఇట్టిదే. పూటకు కూడు పెట్టుట వృత్తి, 'అమ్మ' గౌరవము. అందు పైకమునకు సూచన లేదు.

ఇట్టి వృత్తి ఒంటరి స్త్రీకే, అందును వితంతువుకే దక్కుటకు ధర్మశాస్త్రమున ఒక కారణము కనబడుచున్నది. వివాహిత శిల్పాదులచేత ఆర్జించిన ధనముపై భర్తకు స్వామ్యము కలదని కాత్యాయనస్మృతి. స్త్రీధన విచారము మితాక్షర మూలమున వ్యవహారమున నిలిచినది; ఆ గ్రంథమును 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయముగ తెనిగించినాడు. భర్త జీవించియుండగ భార్య సంపాదనకు యజమాని అతడే. భర్త మరణించిన పిదప ఆమె కష్టార్జితముపై అట్టి స్వామ్యము మఱియొకరికి లేదు. అనగా సమాజము ఏ స్త్రీని అమంగళ యని వెనుకకు నెట్టెనో, ధర్మశాస్త్రము ఆమెకే ఆర్జనస్వాతంత్ర్యము విడిచినది. బ్రాహ్మణవితంతువు మడి కట్టుకొని వండిన అన్నము బ్రాహ్మణబాటసారికి ఆమోదయోగ్యము. కావున కులాచారమే ఆమె వ్యాపారమునకు పెట్టుబడి యయ్యెను. అన్య వ్యాపారము చేయుటకు ఆ ఆచారమే అడ్డు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము విజయనగరమున 1892లో ప్రదర్శింపబడినది. 1897లో ముద్రణ పొందినది. 1909లో సంస్కరింపబడి వెలువడినది. అందలి పూటకూళ్ళమ్మను విమర్శకులు హాస్యపాత్రగ చూచియున్నారు. గిరీశమునకు ఆమెతో గల సంబంధమును గూర్చియే చర్చ జరిగినది. అర్థశాస్త్రదృష్టితో చూచినచో నాటకారంభముననే ఒక ముఖ్యవిషయము కలదు. సంతలో సామాను కొనిపెట్టెదనని గిరీశము ఆమెయొద్ద ఇరువది రూపాయలు గైకొని, ఆ సొమ్మును వేశ్యకై వ్యయపఱచినాడు.

ఈ ఇరువది రూపాయలు ఆమె వ్యాపారమున తిరుగు మదుపు. వాటితో బియ్యము, పప్పు, కట్టెలు వచ్చును. అవి అన్నమై, అన్నము మరల రూపాయలగును. వంట ఆమెకు తెలియును, లెక్క తెలియును, మనుష్యులను అంచనా కట్టుటయు తెలియును. అయినను సంతకు ఒక పురుషుని పంపినది; ఆ ఒక్క మెట్టున మదుపు ఆమె చేయి దాటినది. పత్రము లేదు, సాక్షి లేడు. అతనితో ఆమె సంబంధము లోకమున అపవాదమునకు గుఱియైనది గనుక న్యాయస్థానమునకు పోవుట తన పరువును తానే వీథిలో పెట్టుకొనుట యగును. కావుననే ఆమె చీపురు చేతబట్టి మధురవాణి యింటికి వచ్చినది. ప్రేక్షకులు నవ్విన ఆ సన్నివేశము యథార్థమున బాకీ వసూలు. అన్యమార్గములన్నియు మూసివేయబడిన వర్తకురాలు అవలంబించిన వసూలు పద్ధతి అది.

ఆ నాటకముననే మధురవాణి కలదు. తన ఆర్జనకు తానే యజమానురాలైన రెండవ స్త్రీ ఆమె. నాటి అగ్రవర్ణ సమాజదృష్టికి స్వంత ధనముతో కానవచ్చిన స్త్రీలు ప్రధానముగ ఇరువురు: వితంతువు, వేశ్య. ఆ ఇరువురిని ఒకే నాటకమున నిలుపుట గురజాడవారి సామాజిక పరిజ్ఞానమునకు నిదర్శనము.

అగ్రవర్ణముల హద్దు దాటి సముద్రపుటొడ్డునకు పోయినచో చిత్రము వేఱు. విశాఖతీరమున జాలరులు, వాడబలిజలు ముఖ్యమైన మత్స్యకార కులములు. వీరిలో చేప పట్టుట పురుషుని పని. ఆ చేపను రూకలుగ మార్చుట స్త్రీ పని. ఇది కూలి కాదు. తెప్ప గాని నావ గాని ఒడ్డు చేరినంతనే చేపలకు వేలము జరుగును. స్త్రీ అచ్చట బేరమాడి కొనును, తఱచుగ అరువునకే. గంప నెత్తిన బెట్టుకొని పట్టణవీథులకు, బజారులకు పోయి అమ్మును. సాయంకాలమునకు బాకీ చెల్లించి మిగిలిన దానితో ఇల్లు నడపును. అమ్ముడుపోని చేపను ఉప్పు చల్లి ఎండబెట్టి మఱియొక సరుకుగ మార్చును. ప్రొద్దెక్కిన కొలది ధర తగ్గు సరుకు ఇది. ఏ క్షణమున ఎంత తగ్గించి అమ్మవలెనో నిర్ణయింపలేనివారు ఈ వ్యాపారమున ఒక మాసమైనను నిలువజాలరు. ఈమె మదుపులో అధికభాగము ఆమె మాటయే. మాట తప్పినచో మఱునాడు అరువు పుట్టదు.

ఈ వ్యాపారముయొక్క ఫలమును లాభమాత్రముచేత కొలువరాదు. రొక్కము స్త్రీ చేతి మీదుగ నడచుటచేత గృహవ్యయమున, బిడ్డల వివాహములలో, అప్పు తెచ్చు విషయమున ఆమె మాటకు విలువ కలదు. బజారులో గట్టిగ మాటాడునని చేపలమ్ము స్త్రీని పట్టణవాసులు ఆక్షేపింతురు. ఆ మాటయే ఆమె పనిముట్టు. పూటకూళ్ళమ్మ సంతకు పోలేక మదుపు పోగొట్టుకొన్నది. జాలరి స్త్రీ స్వయముగ సంతకు పోయి మదుపును నిలుపుకొన్నది. వీరిద్దఱి భేదము ఈ ఒక్క విషయమున తేటపడును.

అయినను ఆమె స్థితి సురక్షితము కాదు. విశాఖ నౌకాశ్రయము 1933 అక్టోబరు 7న ఓడలకు తెఱువబడినది. 1976లో చేపలరేవు ఏర్పడినది. మరపడవల వేట వృద్ధి పొందినకొలది సరుకు అనేక గ్రామముల ఒడ్డులకు బదులు ఒకే రేవునకు రాసులుగ రాజొచ్చెను. పెద్ద మొత్తములకు వేలము జరుగుచోట చిన్న మదుపు నిలువజాలదు. విదేశములకు ఎగుమతి యగు రొయ్యలు, మేలిజాతి చేపలు మంచుపెట్టెలు, వాహనములు గల వర్తకులకు పోయినవి. గంపకు మిగిలినది చిన్నచేప. ఆధునికత ఈమె నేర్పును తీసివేయలేదు. ఆ నేర్పునకు కావలసిన మదుపు పరిమాణమును పెంచి ఆమె అందనిచోట పెట్టినది.

మఱియొక నిదర్శనము. నేడు తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము కలదు. ఆ కాలమునకు రాష్ట్ర ప్రభుత్వ మిచ్చు భృతి పడవపై వేటకు పోవువారిని లెక్కించి యిచ్చునది. చేప రానిచో అమ్మునామెకును పని లేదు. కాని ఆ లెక్కలో ఆమె లేదు. వర్తకురాలను పేరు లేకపోవుట కేవలము పదచర్చ కాదని దీనివలన గ్రహింపవచ్చును.

పరిశ్రమలు వచ్చిన పిదప పూటకూళ్ళ వృత్తియు రూపము మార్చుకొన్నది. నౌకానిర్మాణశాలలో నిర్మితమైన జలఉష 1948లో జలప్రవేశము చేసినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది. ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైనది. కుటుంబములను విడిచి పనికి వచ్చినవారికి అన్నము కావలెను. ఇంటి వసారాలో మెస్సు, వీథి మొగమున ఇడ్లీల బండి, నేటి కర్రీ పాయింటు: ఇవి యన్నియు పూటకూళ్ళ యింటి సంతతియే. ఇప్పుడు అది వితంతువుకో, ఒక కులమునకో పరిమితము కాదు. సరుకులు తెచ్చుటకు గిరీశమును పంపవలసిన అవసరమును లేదు.

ఈ మార్పునకు చట్టములు కొంత తోడ్పడినవి. 1874నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము భార్య ఆర్జనను ఆమె స్వంతమని ప్రకటించినను, హిందూ, మహమ్మదీయ స్త్రీలను ఆ నియమమునుండి మినహాయించెను. 1937నాటి చట్టము హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో పరిమితమైన హక్కు నిచ్చినది. 1956నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగము స్త్రీ ఆస్తిపై ఆమెకు సంపూర్ణాధికారము కల్పించినది. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో జన్మతః హక్కు నొసగినది. 2005లో కేంద్ర చట్టమును ఆ దారి త్రొక్కినది. తాకట్టుకు ఆస్తి లేనివారికి అప్పు పుట్టదు గనుక ఇవి వారసత్వ విషయములు మాత్రమే కాక వ్యాపార విషయములును అగును.

ఆస్తి లేని స్త్రీకి తాకట్టు లేకయే అప్పు పుట్టించు ప్రయత్నము వేఱుగ జరిగినది. 1982లో డ్వాక్రా పథకము ప్రారంభమైనది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో ప్రబలిన సారావ్యతిరేకోద్యమము పిదప పొదుపు సంఘములు రాష్ట్రమంతట వ్యాపించినవి. పదిమంది పరస్పరము పూచీపడుట వీని మూలసూత్రము. జాలరి స్త్రీ మాటను నమ్మి ఒడ్డున ఇచ్చు అరువునకు ఇది వ్రాతరూపము పొందిన అవతారమనవచ్చును. 1993లో హైదరాబాదున స్థాపితమైన మహిళా పారిశ్రామికుల సంఘము, అలీప్, స్త్రీలకై ప్రత్యేకముగ పారిశ్రామికవాడను నిర్మించి చోటు సమస్యకు ఒక సమాధానము చూపినది.

కాని పూచీ భారమును కాగలదు. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూలు పద్ధతులు తీవ్రమైనందున 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము వానిని అదుపు చేయుటకు ఆర్డినెన్సు జారీ చేయవలసివచ్చెను. అప్పు దొరకినంత మాత్రమున వ్యాపారము కాదు. తెచ్చిన సొమ్ము ఇంటి అవసరములలో కరగిపోయినచో మిగులునది వాయిదా మాత్రమే. తన మదుపును ఇంటి వ్యయమునుండి వేఱుగ నిలుపుకొనగల స్వాతంత్ర్యము ఆమెకు ఉన్నదా లేదా యను ప్రశ్న ఇరువది రూపాయల నాటిదే, నేటికిని తీరలేదు.

పరిశోధక విద్యార్థులు ఒక విషయము గమనింపవలెను. సంఖ్యలను మనము నిస్సందేహములని నమ్ముదుము. 1961 జనగణన పనిని విశాలముగ నిర్వచించినది. 1971 జనగణన ప్రధానవ్యాపకము అడిగినది. ఇల్లు చూచుకొనుచు వ్యాపారమును చేయు స్త్రీ గృహిణిగ నమోదయ్యెను. స్త్రీల స్థితిగతులపై నియమింపబడిన సంఘము 1974లో సమర్పించిన నివేదిక ఈ మార్పునుండి కలుగు చిక్కును చర్చించినది. ప్రశ్న మారగనే వేలకొలది వర్తకురాండ్రు కాగితముపై అదృశ్యులైరి. బజారులో వారు యథాప్రకారము కూర్చుండియే యున్నారు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము 2014నాటి వీథివర్తకుల చట్టము. అది వీథిన అమ్మువారిని వర్తకులని పేర్కొని, పట్టణ వర్తక సంఘములలో కనీసము నూటికి 40 స్థానములు వారికిచ్చి, అందులో మూడవవంతు స్త్రీలకు కేటాయించినది. చట్టమున పేరు కలిగినందున చోటు అడుగుటకు అర్హత కలిగినది. ఆచరణ ప్రతి పట్టణమున పరిశీలింపవలసిన విషయము.

కావున మన శాఖలలో జరుగవలసిన కృషి స్పష్టము. శాసనములలోని స్త్రీదాతల పట్టికలతో తృప్తిపడక, కథలు, నాటకములు, సామెతలు, బజారు పలుకుబడులు, వేలపు సంకేతములు, అప్పుపత్రములు సేకరింపవలెను. చేపలమ్ము స్త్రీలు లెక్క పెట్టుకొను పద్ధతులు, బేరపు మాటలు, అరువు నియమములు వారి నోటినుండియే వ్రాసికొనవలెను; రేవు మారుచున్నకొలది ఆ పదజాలము మారుచున్నది. తెలుగు శాఖకు ఇది పరాయి పని కాదు. 'పెద్దమ్మ', 'అమ్మ' యను పదముల క్రింద మఱుగుపడిన వర్తకురాలిని గుర్తించుట మొదట భాషాపరిశోధకుని పనియే. చరిత్రకారుడు, అర్థశాస్త్రజ్ఞుడు తరువాత వత్తురు.