మస్మక్ తలుపులో ఈటె మొన

రియాద్ పాతబస్తీలో మస్మక్ కోట తలుపు దగ్గర జనం ఆగి, వంగి చూస్తుంటారు. చెక్కలో ఒక ఈటె మొన విరిగి ఉండిపోయింది. 1902 జనవరిలో అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ కొద్దిమంది అనుచరులతో కోట మీద పడిననాటి ఈటె అది అంటారు. బత్హా బజారుకు వచ్చే మనవాళ్లూ అటు నడిచి ఫొటో దిగుతుంటారు. సౌదీ రాజ్యం తన పుట్టుకను చెప్పుకొనేది ఈ తలుపు దగ్గరి నుంచే.

ఈటెతో మొదలైన ఆ రాజ్యంలో వారసుడు సైనికుడై ఉండాలా? అమెరికా ఎన్నికల్లో అభ్యర్థి సైనిక యూనిఫాం వేశాడా, అతనితో నిలిచిన ఉపాధ్యక్ష అభ్యర్థి వేశాడా అని ఆరా తీస్తారు. సౌదీలో రాజును ఎన్నుకొనే ఓటరు లేడు. రాజునూ, అతని తర్వాత గద్దెనెక్కే యువరాజైన వలీ అహద్‌నూ తేల్చేది కుటుంబమే. వలీ అహద్ అన్న మాట మన హైదరాబాద్‌కు కొత్తదేం కాదు. నిజాం పెద్దకొడుకు ఆజం జా వలీ అహద్‌గా, సంస్థాన సేనలకు అధిపతిగా ఉన్నా, 1967లో వారసత్వం అతన్ని దాటి కొడుకు ముకర్రం జాకు వెళ్లింది. సేనాధిపతి అన్న బిరుదు ఉన్నంత మాత్రాన సేన చేతిలో ఉన్నట్టు కాదని సౌదీ రాకుమారులకూ బాగా తెలుసు.

1933లో ఇబ్న్ సౌద్ కొడుకు సౌద్ యువరాజయ్యాడు. మరుసటి ఏడాది యెమెన్‌తో యుద్ధం వచ్చింది. సౌద్ దళం కొండల్లో ఇరుక్కుపోయింది. తమ్ముడు ఫైజల్ తీరం వెంట దూసుకెళ్లి హొదైదా రేవును పట్టుకున్నాడు. విజయం ఫైజల్‌ది, యువరాజ పదవి మాత్రం అన్నదే. 1935లో మక్కాలో తండ్రి మీద కత్తులు దూసినప్పుడు సౌద్ అడ్డుపడి గాయపడ్డాడు. ఆ గాయం ముందు హొదైదా ఎంతపాటిది!

లెక్క తిరగబడింది 1964లో. అప్పటికి సౌద్ రాజు, ఫైజల్ యువరాజు. అధికారాలు తిరిగివ్వమంటూ సౌద్ తన రాజరక్షక దళాన్ని నసిరియా మహలు చుట్టూ మోహరించాడు. ఫైజల్ వైపు నుంచి నేషనల్ గార్డ్ కదిలి ఆ మహలును ముట్టడించింది. మార్చిలో మతపండితులైన ఉలేమాలు పాలనాధికారాన్ని ఫైజల్‌కు అప్పగించారు. నవంబరు 2న సౌద్ గద్దె దిగాడు.

ఆ గార్డ్‌కు అధిపతి మరో సవతి తమ్ముడు అబ్దుల్లా. అసలు కథ ఇతనిదేనని నా అభిప్రాయం. తల్లి షమ్మర్ తెగ ఆడపడుచు. అతనికి ఒకే తల్లికి పుట్టిన అన్నదమ్ములు లేరు. ఎదుట ఫహద్, సుల్తాన్ వంటి ఒకే తల్లి బిడ్డలైన ఏడుగురు సుదైరీ సోదరులు, వాళ్ల చేతిలో రక్షణ శాఖ. బెదూయిన్ తెగల నుంచి వచ్చిన ఆ గార్డే అబ్దుల్లాకు అన్నదమ్ముల బలం. 1982లో యువరాజయ్యాడు, 2005లో రాజయ్యాడు. గార్డ్ పగ్గాలు వదిలింది 2010లో, అదీ కొడుకు మితెబ్ చేతికి.

నిజంగా సైనికులైనవారి సంగతి చూడండి. సుల్తాన్ కొడుకు ఖాలిద్ శాండ్‌హర్స్ట్‌లో చదివి, 1991 గల్ఫ్ యుద్ధంలో అరబ్బు సంయుక్త సేనలను నడిపాడు. 2011లో తండ్రి పోయాక రక్షణ శాఖ మరో సుదైరీ సోదరుడు సల్మాన్‌కు వెళ్లింది. 2013లో ఖాలిద్‌కు ఉప మంత్రి పదవి కూడా పోయింది. అబ్దుల్లా సవతి తమ్ముడు ముక్రిన్ క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందిన విమాన చోదకుడు. 2015 జనవరిలో యువరాజయ్యాడు, ఏప్రిల్‌లోనే తప్పుకున్నాడు. అదే జనవరిలో, సైనిక శిక్షణ లేని మొహమ్మద్ బిన్ సల్మాన్ రక్షణ మంత్రి అయ్యాడు. రెండు నెలల్లో యెమెన్ మీద బాంబులు పడ్డాయి. 2017 జూన్ 21న అతను యువరాజు. అదే ఏడాది నవంబరులో మితెబ్‌ను నేషనల్ గార్డ్ నుంచి తొలగించారు.

2022 సెప్టెంబరులో రక్షణ శాఖ మొహమ్మద్ తమ్ముడు ఖాలిద్ బిన్ సల్మాన్‌కు వచ్చింది. ఎఫ్-15 నడిపినవాడు, 2014లో సిరియాలో ఐసిస్ మీద దాడుల్లో పాల్గొన్నవాడు. యువరాజు తర్వాతి స్థానమైన ఉప యువరాజ పదవి మాత్రం 2017 నుంచి ఖాళీగానే ఉంది.