ఎముకలూ, సున్నమూ

నలభై దాటగానే ఎముకలు గుల్లబారతాయన్న భయంతో మనలో చాలామందిమి కాల్షియం మాత్రలు కొనేసుకుంటున్నాం. "సున్నమే కదా, ఏం చేస్తుందిలే!" అనుకుంటాం. దానికీ ఓ చరిత్ర ఉంది, వినండి.

1915లో షికాగోలో సిప్పీ అనే డాక్టరుగారు కడుపులో పుండుకు ఓ వైద్యం చెప్పారు. గంటగంటకూ పాలూ మీగడా, నడుమ సోడా వంటి క్షారపు పొడులు. నొప్పి తగ్గేది. కాని కొందరికి తలనొప్పి, వాంతులు పట్టుకున్నాయి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1923లో డాక్టర్లు ఈ సంగతి బయటపెట్టారు. రక్తంలో కాల్షియం హద్దు మీరుతోందని తరువాత తేలింది.

పుండుకు కొత్త మందులొచ్చాక ఆ జబ్బు అరుదైపోయింది. ఎముకల కోసం కాల్షియం మాత్రల వాడకం పెరిగాక, 1990ల్లో మళ్ళీ తలెత్తింది. 2006లో అమెరికాలో 36,282 మంది స్త్రీలపై ఏడేళ్ళు సాగిన పరిశోధన ఫలితం వెలువడింది. కాల్షియం, విటమిన్ డి మాత్రలిచ్చిన వారిలో కిడ్నీరాళ్ళు 17 శాతం ఎక్కువ. తుంటి విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

డాక్టరు రాసిన మాత్రలు మానకండి. పక్కింటావిడ వేసుకుంటోందని మాత్రం వేసుకోకండి. రాగిజావ, మజ్జిగ, నువ్వులు మన వంటింట్లోనే ఉన్నాయి. తాంబూలానికి సున్నం కావాలి, నిజమే. ఎక్కువైతే నోరు పొక్కుతుందని మనకు ఒకరు చెప్పాలా?